ఈ వారం పరాషా: రాషి, రంబాన్‌లను పక్కన పెట్టుకుని తోరా చదవడం ఎలా

యూదులు తోరాను ఏడాదికొకసారి మొదటి మాట నుంచి చివరి మాట దాకా చదివి ముగిస్తారు. తోరా అంటే మోషే అయిదు గ్రంథాలు. మన తెలుగు బైబిల్లో ఆదికాండము నుంచి ద్వితీయోపదేశకాండము వరకు ఉన్నవే అవి. వాటిని 54 భాగాలు చేసుకున్నారు. ఒక్కో భాగాన్ని పరాషా అంటారు. షబ్బాత్ రోజు, అంటే శనివారం ఉదయం, ప్రార్థనా మందిరమైన సినగాగ్‌లో ఆ వారపు పరాషాను చేతితో రాసిన చర్మపు చుట్టలోంచి గొంతెత్తి చదువుతారు. ఆ వారమంతా ఇళ్లలో భోజనాల దగ్గర, బడుల్లో, తరగతుల్లో నడిచే చర్చ కూడా ఆ భాగం గురించే.

అయితే మూలం ఒక్కటే చదివి ఊరుకోవడం వాళ్ల పద్ధతి కాదు. రాషి, రంబాన్ లాంటి పాత వ్యాఖ్యాతలతో కలిసి చదువుతారు. వాక్యం ఒక్కటే, దాని మీద ఉత్తర ఫ్రాన్స్ నుంచి ఒకరు, స్పెయిన్ నుంచి ఒకరు, ఇటలీ నుంచి మరొకరు మాట్లాడతారు. వందల ఏళ్ల ఎడం ఉన్నా ఒకరి మాటను ఒకరు ఖండించుకుంటారు. ఆ సంభాషణలో మీరూ కూర్చోవచ్చు. హీబ్రూ రాకపోయినా పరవాలేదు. తెలుగు బైబిల్, ఇంటర్నెట్ ఉన్న ఫోను, చదివి అర్థం చేసుకునేంత ఇంగ్లిష్, ఒక నోటుబుక్కు ఉంటే చాలు.

మొదలుపెట్టే ముందు ఒక్క మాట. మనలో చాలామందికి ఈ కథలు సండే స్కూల్లోనో ప్రసంగాల్లోనో పరిచయమై ఉంటాయి. ప్రతి కథకూ ఒక అర్థం ముందే మనసులో స్థిరపడి ఉంటుంది. ఈ చదువు సాగినంతసేపు ఆ అర్థాలను పక్కన పెట్టండి. అబ్రాహాము కథలో కొత్త నిబంధన సూచనలు వెతకడం క్రైస్తవ సంప్రదాయం, దాని చోటు దానికి ఉంది. యూదుల వ్యాఖ్యానం మాత్రం వాళ్ల సొంత ప్రశ్నలతో, వాళ్ల ధర్మశాస్త్రంతో నడుస్తుంది. దాన్ని దాని తీరులో వినకపోతే వ్యాఖ్యాత దేని గురించి తర్కిస్తున్నాడో కూడా మనకు అందదు. తెలుగువాళ్లకు ఇది పూర్తిగా పరాయి విషయమూ కాదు. గుంటూరు ప్రాంతంలో చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిం అనే చిన్న సమాజం ఉంది. తెలుగు మాట్లాడుతూ, తమను యూదులుగా చెప్పుకుంటూ, సొంత సినగాగ్‌లో షబ్బాత్ పాటించే కుటుంబాలు అవి.

1. ఈ వారం ఏ భాగమో చూసుకోండి

హెబ్‌కాల్ అనే వెబ్‌సైటులో ఈ వారపు పరాషా పేరు, అధ్యాయాలు, వచనాలు దొరుకుతాయి. మీరున్న ఊరు సరిగ్గా ఎంచుకోండి, ఎందుకంటే ఇజ్రాయెల్ లెక్క, బయటి దేశాల లెక్క కొన్ని వారాల పాటు వేరుగా నడవవచ్చు. ఇజ్రాయెల్ బయట కొన్ని పండుగలకు ఒక రోజు అదనంగా ఉంటుంది. ఆ అదనపు రోజు శనివారం పడితే ఇక్కడ పండుగ పాఠం చదువుతారు, అక్కడ తరువాతి పరాషాకు వెళ్లిపోతారు. తరువాత ఎక్కడో ఒకచోట ఇక్కడివాళ్లు రెండు భాగాలు కలిపి చదివి అందుకుంటారు.

రెండు భాగాలు కలిపి చదవడానికి ఇంకో కారణం కూడా ఉంది. యూదుల కేలండర్ మన పంచాంగంలాగే చంద్రుడి నెలలను సూర్యుడి ఏడాదితో సరిచేసుకుంటూ పోతుంది. 19 ఏళ్లలో 7 సార్లు అధిక మాసం వస్తుంది. అధిక మాసం ఉన్న ఏడాదిలో శనివారాలు ఎక్కువ కాబట్టి భాగాలు విడివిడిగా నడుస్తాయి. లేని ఏడాదిలో కొన్నిటిని జంటగా చదవాల్సి వస్తుంది. మీరు మొదలుపెట్టిన వారం జంట పరాషా పడితే భయపడకండి, మొదటి దానితో సరిపెట్టుకోండి.

కొత్త చక్రం సిమ్ఖత్ తోరా పండుగ రోజు మొదలవుతుంది. మన లెక్కలో అది సెప్టెంబరు చివరి నుంచి అక్టోబరు చివరి లోపు వస్తుంది. కానీ దానికోసం ఆగకండి. ఈ వారం ఏది నడుస్తుంటే అదే మీ మొదటి పరాషా.

2. పుస్తకాలు సర్దుకోండి

సెఫారియా అనే ఉచిత ఆన్‌లైన్ గ్రంథాలయంలో తోరా మూలం, దాని ఇంగ్లిష్ అనువాదం ఉన్నాయి. ఒక వచనం మీద వేలు పెడితే దాని మీద ఉన్న వ్యాఖ్యానాలన్నీ పక్కన వరుసగా కనిపిస్తాయి. ముఖ్యమైన చాలా వ్యాఖ్యానాలకు ఇంగ్లిష్ అనువాదం కూడా ఉంది. మూలం కోసం తెలుగు బైబిల్ తెరిచి, వ్యాఖ్యానం కోసం సెఫారియా తెరిస్తే పని సాగుతుంది.

ఒక్కచోట మాత్రం తికమక తప్పదు. తెలుగు బైబిల్ వచనాల లెక్క ఇంగ్లిష్ బైబిళ్ల దారిలో నడుస్తుంది, హీబ్రూ లెక్క కొన్నిచోట్ల వేరు. మన ఆదికాండము 31:55 వాళ్లకు 32:1. మన నిర్గమకాండము 8:1 వాళ్లకు 7:26. మన సంఖ్యాకాండము 16:36 దగ్గర వాళ్లకు 17వ అధ్యాయం మొదలవుతుంది. వ్యాఖ్యానం ఒకటి చెబుతుంటే మీ వచనం ఇంకొకటి చెబుతోందనిపించినప్పుడు ముందు ఈ లెక్క సరిచూసుకోండి.

అచ్చు పుస్తకం ఇష్టమైనవాళ్లు మిక్రావోత్ గెదోలోత్ పేరు విని ఉంటారు. పేజీ మధ్యలో మూలం, చుట్టూ అరడజను మంది వ్యాఖ్యాతలు. ఆ పేరుతో తెలిసిన మొదటి ముద్రణను వెనిస్‌లో డేనియల్ బోంబర్గ్ 1516-17లో తెచ్చాడు. చూడటానికి ఎంతో అందమైన పేజీ. కానీ మొదటి ఏడాదిలోనే ఆ చుట్టూ ఉన్నదంతా చదవాలని పెట్టుకుంటే మూడో వారానికి వదిలేస్తారు. ఒకరితో మొదలుపెట్టాలి. ఆ ఒకరు ఎవరో కాసేపట్లో చెబుతాను.

3. ముందు మూలాన్ని ఒంటరిగా చదవండి

యూదు మత గురువుల (రబ్బీల) పాత చర్చల సంకలనమైన తల్ముద్‌లో బెరఖోత్ అనే గ్రంథం ఒక పాత నియమం చెబుతుంది: సమాజం చదివే వారపు భాగాన్ని ప్రతి మనిషీ తన వంతుగా మూలం రెండుసార్లు, తర్గుం ఒకసారి చదివి ముగించాలి. తర్గుం అంటే అరామిక్ అనువాదం, అందులో ముఖ్యమైనది ఓంకెలోస్ పేరుతో ఉన్నది. 16వ శతాబ్దంలో యోసెఫ్ కారో కూర్చిన ధర్మశాస్త్ర గ్రంథం షుల్ఖాన్ అరూఖ్ ఈ నియమాన్ని ఇంకాస్త విప్పింది: తర్గుం బదులు రాషి వ్యాఖ్యానం చదివినా చెల్లుతుంది, దైవభక్తి ఉన్నవాడు రెండూ చదువుతాడు.

మనకు ఈ నియమం బాధ్యత కాదు. కానీ అందులోని క్రమం చూడండి. మూలం రెండుసార్లు చదివాకే మరొకరి గొంతు వినిపిస్తుంది. ఈ క్రమాన్ని తప్పకండి.

సినగాగ్‌లో పరాషాను ఏడు ముక్కలుగా చదువుతారు. ఒక్కో ముక్కకు ఒక మనిషిని పైకి పిలుస్తారు, అందుకే ఆ ముక్కను అలియా అంటారు. ఆదివారం నుంచి శనివారం దాకా రోజుకొక అలియా పెట్టుకుంటే వారం సరిగ్గా సరిపోతుంది. శుక్రవారం సాయంత్రానికే ముగించాలనుకుంటే చివరి రెండూ ఒకేరోజు చదవండి. సెఫారియాలో అలియాల విభజన కూడా కనిపిస్తుంది. రోజుకు పావుగంట కేటాయించినా మూలం వరకు సరిపోతుంది.

ఇక్కడి నుంచి ఒక నిజమైన పరాషా పెట్టుకుని చూద్దాం. చక్రంలో మూడోదైన లెఖ్ లెఖా తీసుకుంటున్నాను. ఆదికాండము 12:1 నుంచి 17:27 వరకు. అబ్రాము తన దేశం వదిలి బయలుదేరడం, కరవొచ్చి ఐగుప్తుకు వెళ్లడం, లోతుతో విడిపోవడం, రాజుల యుద్ధం, దేవుడితో నిబంధన, హాగరు కథ, సున్నతి అన్నీ ఇందులోనే ఉన్నాయి. ఆరో అలియాలో పడే 16వ అధ్యాయం దగ్గర ఆగుదాం. పదహారు వచనాలే. పిల్లలు లేని శారయి తన ఐగుప్తీయ దాసి హాగరును భర్తకు ఇస్తుంది. హాగరు గర్భవతి అవుతుంది, యజమానురాలిని చులకనగా చూస్తుంది. శారయి ఆమెను శ్రమపెడుతుంది, ఆమె ఎడారిలోకి పారిపోతుంది. అక్కడ నీటి ఊట దగ్గర యెహోవా దూత కనిపించి తిరిగి పంపిస్తాడు. ఇష్మాయేలు పుడతాడు.

4. వ్యాఖ్యానం తెరవకముందే మీ ప్రశ్నలు రాయండి

ఈ చదువుకంతటికీ ప్రాణం ఈ అడుగులోనే ఉంది. సంప్రదాయ వ్యాఖ్యానం ఎప్పుడూ ఒక జవాబు. ప్రశ్న ఏమిటో వ్యాఖ్యాత చాలాసార్లు పైకి చెప్పడు, చదివేవాడికి ఈపాటికి తట్టే ఉంటుందనుకుంటాడు. ప్రశ్న తట్టనివాడికి ఆ జవాబు ఏదో పిట్టకథలాగో, అవసరం లేని వివరణలాగో కనిపిస్తుంది. "ఇదంతా ఎక్కడి నుంచి తెచ్చారు?" అని విసుక్కుని పుస్తకం మూసేసేవాళ్లలో చాలామంది ఈ అడుగు దాటవేసినవాళ్లే.

ప్రశ్న అంటే పెద్ద తత్వవిచారం అక్కర్లేదు. చదువుతుంటే కాలికి తగిలిన ప్రతిదీ రాయండి. ఒకే మాట మళ్లీ మళ్లీ వస్తోందా? లేకపోయినా అర్థమయ్యే మాట ఎందుకు పెట్టారు? రెండు చోట్ల చెప్పింది పొసగడం లేదా? అడిగినదానికి జవాబు రాలేదా? మంచివాళ్లనుకున్నవాళ్లు మంచిగా ప్రవర్తించలేదా?

16వ అధ్యాయంలో నాకు తగిలేవి ఇవి. 8వ వచనంలో దూత రెండు ప్రశ్నలు అడుగుతాడు: ఎక్కడి నుంచి వచ్చావు, ఎక్కడికి వెళ్తున్నావు. హాగరు మొదటిదానికే జవాబు చెబుతుంది. అసలు దూతకు ఆ సంగతి తెలియదా, అడగడం దేనికి? 9, 10, 11 వచనాలు మూడూ "యెహోవా దూత ఆమెతో చెప్పెను" అన్న మాటతోనే నడుస్తాయి. మధ్యలో హాగరు నోరు విప్పనే లేదు. మాట్లాడుతున్న మనిషి మారనప్పుడు ప్రతిసారీ ఆ మాట ఎందుకు? 11లో బిడ్డకు ఇష్మాయేలు అని పేరు పెట్టమని దూత హాగరుతో చెప్పాడు, 15లో ఆ పేరు పెట్టింది అబ్రాము. ఆయనకు ఎవరు చెప్పారు? అన్నిటికంటే బరువైనది 6వ వచనం. శారయి ఒక గర్భవతిని పారిపోయేంతగా బాధపెట్టింది. అబ్రాము "నీ ఇష్టం" అని తప్పుకున్నాడు. వీళ్లు ఈ జాతికి మూలపురుషుడు, మూలమాత. ఇది తప్పా, కాదా?

ప్రతి ప్రశ్న కింద రెండు గీతలు ఖాళీ వదలండి. మీకు తోచిన జవాబు ఒక వాక్యంలో రాయండి. తప్పైనా సరే రాయండి, రాసినదే తరువాత పోల్చుకోవడానికి పనికొస్తుంది.

5. రాషితో మొదలుపెట్టండి

రబ్బీ ష్లోమో యిత్స్‌ఖాకి పేరులోని మొదటి అక్షరాలు కలిపితే రాషి. 1040 నుంచి 1105 వరకు జీవించాడు. ఊరు ఉత్తర ఫ్రాన్స్‌లోని ట్రోయ్. యూదుల పిల్లలు తోరా నేర్చుకోవడం మొదలుపెట్టేది ఆయనతోనే, పండితులు ముసలితనంలో మళ్లీ తిరిగివచ్చేదీ ఆయన దగ్గరికే. 1475లో ఇటలీలోని రెజ్జో డి కలాబ్రియాలో అచ్చయిన ఆయన తోరా వ్యాఖ్యానాన్ని, తేదీతో అచ్చయిన మొట్టమొదటి హీబ్రూ పుస్తకంగా చెబుతారు.

రాషి వాక్యం చదివే తీరు ఇది: మొదట మూలంలోంచి రెండు మూడు మాటలు ఎత్తి చూపిస్తాడు, తరువాత తన మాట చెబుతాడు. ఎత్తి చూపిన మాటల మీదే మీ కన్ను ఉండాలి, ఆయనకు చిక్కు కనిపించింది అక్కడే. ప్రతి వ్యాఖ్య దగ్గరా "రాషిని ఇక్కడ ఏం ఇబ్బంది పెట్టింది?" అని అడగండి. యూదు ఉపాధ్యాయులు తరతరాలుగా పిల్లలను అడిగే ప్రశ్న ఇదే.

మన ప్రశ్నలు పట్టుకుని వెళ్దాం. 8వ వచనం మీద రాషి: దూతకు ఆమె ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసు, ఆమెతో మాట కలపడానికే అలా అడిగాడు. 9వ వచనం మీద: ఒక్కో మాటకు ఒక్కో దూత వేరుగా వచ్చాడు, అందుకే ప్రతిసారీ "దూత చెప్పెను" అని ఉంది. ప్రశ్న రాసుకోకుండా ఈ రెండోది చదివితే అన్ని దూతలు ఎందుకని తల గోక్కుంటారు. రాసుకున్నవాళ్లకు మాత్రం అది మూడుసార్లు వచ్చిన మాటకు జవాబని వెంటనే తెలుస్తుంది. ఆ జవాబు నచ్చాలని లేదు. మూలంలోని ఏ ముడిని విప్పడానికి అది పుట్టిందో కనిపిస్తే చాలు.

15వ వచనం మీద: దూత మాట అబ్రాము వినలేదు, పరిశుద్ధాత్మ ఆయన మీద నిలవడం వల్ల ఆ పేరే పెట్టాడు అంటాడు రాషి. 1వ వచనం మీద ఇంకో విశేషం: హాగరు ఫరో కూతురట. ఐగుప్తులో శారయి కోసం జరిగిన అద్భుతాలు చూసి, "నా కూతురు వేరే ఇంట్లో యజమానురాలిగా ఉండేకంటే ఈ ఇంట్లో దాసిగా ఉండటం మేలు" అని ఫరో ఇచ్చాడట. ఇది బెరేషిత్ రబ్బా అనే మిద్రాష్ (రబ్బీల పాత కథలు, వివరణల) సంకలనం నుంచి వచ్చింది. కనాను దేశంలో తిరిగే ఈ కుటుంబంలోకి ఐగుప్తీయ దాసి ఎలా వచ్చిందన్న ప్రశ్నకు, నాలుగు అధ్యాయాల ముందు జరిగిన ఐగుప్తు ప్రయాణాన్ని ముడిపెడుతుంది ఆ కథ.

ఇలాంటి కథలు రాషి ఇష్టం వచ్చినట్టు తెచ్చి పోయడు. ఆదికాండము 3:8 మీద తన పని ఏమిటో తానే చెప్పాడు: తాను వచ్చింది మూలం సాదా అర్థం కోసం, మూలం మాటలను సరిగ్గా కూర్చోబెట్టే పాత కథల కోసం. సాదా అర్థాన్ని పెషాత్ అంటారు, మాటల చాటున వెతికి తీసిన అర్థాన్ని దెరాష్ అంటారు. చదువుతున్నప్పుడు మార్జిన్‌లో "పె", "దె" అని గుర్తు పెట్టుకుంటూ పోతే కొన్ని వారాల్లో తేడా మీకే పట్టుబడుతుంది. రాషిలో నాకు ఎంతో ఇష్టమైన చోటు ఆదికాండము 28:5. రిబ్కాను అక్కడ మళ్లీ "యాకోబు ఏశావుల తల్లి" అని ఎందుకు అన్నారో చెప్పకుండా, "ఇది మనకు ఏం నేర్పుతుందో నాకు తెలియదు" అని రాశాడు. ఆ వాక్యం రాయకుండా దాటిపోవచ్చు, అడిగేవాళ్లు లేరు. అయినా ప్రశ్న ఉందని మనకు చూపించి వెళ్లాడు.

6. రాషితో విభేదించే ఇంకొకరిని పిలవండి

రాషి ఒక్కడితో ఆగితే సగం చదువే. రెండో వ్యాఖ్యాత కావాలి, అదీ రాషితో వాదించేవాడైతే మంచిది. నా సలహా రంబాన్. రబ్బీ మోషే బెన్ నఖ్మాన్, స్పెయిన్‌లోని గిరోనా వాడు, 1194 నుంచి 1270. 1263లో బార్సిలోనాలో రాజు ఎదుట క్రైస్తవ పక్షంతో బహిరంగ వాదంలో నిలబడ్డాడు. తరువాత దేశం విడిచి 1267లో యెరూషలేము చేరాడు. పేరు దగ్గర జాగ్రత్త: రంబాం అంటే మైమోనిడీస్, ఇంకొక మనిషి. సెర్చ్ చేసేటప్పుడు చివరి అక్షరం చూసుకోండి.

రంబాన్ తరచూ ముందు రాషి మాట ఎత్తి రాసి, ఆపైన "ఇది నాకు సరిగా తోచడం లేదు" అని మొదలుపెడతాడు. ఇష్మాయేలు పేరు సంగతే చూడండి. రంబాన్‌కు సబబుగా తోచింది వేరు: దూత పేరు పెట్టమని చెప్పింది హాగరుకే, కానీ యజమాని కొడుక్కి తాను పేరు పెట్టడానికి ఆమె జంకి, జరిగింది ఆయనకు చెప్పింది, ఆయన దేవుడి మాట నెరవేర్చాడు. రాషి ఆకాశం నుంచి జవాబు తెచ్చాడు. రంబాన్ ఆ ఇంట్లోని దాసి భయం నుంచి తెచ్చాడు. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే 15వ వచనం మళ్లీ కొత్తగా కనిపిస్తుంది.

ఇక 6వ వచనం. ఇక్కడ రాషి మాట చిన్నది: శారయి ఆమెతో కఠినంగా పని చేయించింది. అంతకుముందు 5వ వచనం దగ్గర శారయి బాధను కూడా వినిపించాడు: నువ్వు బిడ్డ కోసం ప్రార్థించినప్పుడు నీ ఒక్కడి కోసమే ప్రార్థించావు, నన్ను ఈమె అవమానిస్తుంటే విని మాట్లాడకుండా ఉన్నావు అని ఆమె భర్తను నిలదీసిందట. రంబాన్ మాత్రం సూటిగా తీర్పు చెప్పాడు: మన తల్లి ఈ బాధపెట్టడంలో పాపం చేసింది, చేయనిచ్చినందుకు అబ్రాహాము కూడా చేశాడు. దేవుడు హాగరు బాధ విని ఆమెకు ఒక కొడుకును ఇచ్చాడు, అబ్రాహాము శారాల సంతానాన్ని బాధపెట్టేవాడిని ఇచ్చాడు.

ఈ మాట బరువు తెలియాలంటే ఒక అధ్యాయం వెనక్కి వెళ్లాలి. 15:13లో దేవుడు అబ్రాముతో, నీ సంతతిని పరదేశంలో నాలుగు వందల ఏళ్లు శ్రమపెడతారు అంటాడు. హీబ్రూలో అక్కడ వాడిన క్రియే 16:6లో శారయి హాగరుకు చేసినదానికి వాడారు. నిర్గమకాండము మొదటి అధ్యాయంలో ఐగుప్తీయులు ఇశ్రాయేలీయులకు చేసినదానికీ అదే క్రియ. ముందు ఒక హెబ్రీ ఇంట్లో ఐగుప్తీయ స్త్రీ శ్రమపడింది. సొంత మూలమాత గురించి రంబాన్ అలా రాయగలిగింది, మూలం ఏమీ దాచలేదన్న నమ్మకంతోనే.

మూడో గొంతు కూడా వినండి. దక్షిణ ఫ్రాన్స్‌లోని నార్బోన్ వాడు డేవిడ్ కింఖి, రదాక్ అంటారు, 1235లో చనిపోయాడు. ఆయన ఇంకా వివరంగా వెళ్తాడు. శారయి ఇక్కడ నీతిగానూ నడవలేదు, దయగానూ నడవలేదు. చేతి కింద ఉన్న మనిషిని తన శక్తి కొద్దీ ఏమైనా చేయడం తగదు. అబ్రాము ఇంట్లో శాంతి కోసం అడ్డు చెప్పలేదు. ఈ కథంతా తోరాలో రాసి ఉన్నది మనిషి మంచి గుణాలు నేర్చుకుని చెడ్డవాటికి దూరం కావడానికే అంటాడు. శారయిని సమర్థించిన వ్యాఖ్యాతలూ ఉన్నారు. వాళ్లనూ చదవండి. ఎవరు గెలిచారో తేల్చేయాలని తొందరపడకండి. మీ నోటుబుక్కులో ఒక్కొక్కరి మాట ఒక్కో వాక్యంలో రాసి, మూలంలోని ఏ మాట ఆధారంగా అన్నారో పక్కన రాయండి. ఆధారం చూపలేకపోతే ఆ వ్యాఖ్యను మీరు ఇంకా సరిగా చదవలేదన్నట్టే.

మిగతావాళ్ల గురించి త్వరగా. వ్యాకరణం మీద మోజు ఉంటే ఇబ్న్ ఎజ్రా, పొదుపైన మాటలతో పదునుగా రాస్తాడు. సాదా అర్థం దాటి అడుగు వేయనివాడు కావాలంటే రాషి మనవడు రష్బాం. ఈయన ఆదికాండము 37:2 మీద ఒక మంచి సంగతి రాసి పెట్టాడు: తాతతో తాను వాదించేవాడినని, సమయం ఉంటే రోజూ కొత్తగా తోస్తున్న సాదా అర్థాలతో వేరే వ్యాఖ్యానాలు రాయాల్సి ఉందని తాత తన దగ్గర ఒప్పుకున్నాడని. ఒక్కో భాగం ముందు ప్రశ్నలన్నీ వరుసగా పేర్చి ఆ తరువాత జవాబులు చెప్పేవాడు అబర్బనెల్, కానీ చాలా పొడుగు. సంక్షిప్తంగా కావాలంటే ఇటలీ వైద్యుడు స్ఫోర్నో. మొదటి ఏడాదికి రాషి, రంబాన్ చాలు.

7. ఎవరితోనైనా కలిసి చదవండి

యూదుల పాఠశాలల్లో ఇద్దరిద్దరుగా కూర్చుని గట్టిగా చదువుతూ వాదించుకుంటారు. ఆ జతను ఖెవ్రూతా అంటారు. ఒక స్నేహితుడితో వారానికి ఒక ఫోన్ కాల్ పెట్టుకున్నా ఖెవ్రూతానే. ఇద్దరూ ఒకే పదిహేను వచనాలు చదివి, ఎవరి ప్రశ్నలు వాళ్లు రాసుకుని కాల్‌కు రండి. అవతలివాళ్ల జవాబును ఒప్పుకునే ముందు ఒకసారి కాదని చూడండి.

జత దొరకనివాళ్లకు రాయడమే జత. నెఖామా లీబోవిట్జ్ గురించి ఇక్కడ చెప్పాలి. 1905లో రీగాలో పుట్టి, బెర్లిన్‌లో చదివి, 1930లో ఇప్పటి ఇజ్రాయెల్ ప్రాంతానికి వచ్చిన ఉపాధ్యాయురాలు. 1942 నుంచి దాదాపు మూడు దశాబ్దాలు వారం వారం పరాషా మీద ప్రశ్నల కాగితాలు తయారు చేసి పంపారు. జవాబులు రాసి పంపినవాళ్లందరివీ దిద్ది తిరిగి పంపేవారు. సైనికులు, గృహిణులు, రబ్బీలు అందరూ రాసేవారు. కష్టమైన ప్రశ్న పక్కన ఒక గుర్తు, మరీ కష్టమైనదాని పక్కన రెండు గుర్తులు ఉండేవి. ఆమె కాగితాల్లో ఉపన్యాసం ఉండదు. ఇద్దరు వ్యాఖ్యాతల మాటలు పక్కపక్కన పెట్టి, "వీళ్లిద్దరి మధ్య తేడా ఏమిటి? మూలంలో ఎవరికి ఆధారం ఎక్కువ?" అని అడుగుతారు. మీరు కూడా వారానికి అలాంటి ఒక్క ప్రశ్నకు అరపేజీ జవాబు రాయండి.

యూదు స్నేహితులతో కలిసి చదివే అవకాశం వస్తే రెండు మర్యాదలు గుర్తుంచుకోండి. తెలుగు బైబిల్లో అచ్చయి ఉన్న దేవుడి పేరును వాళ్లు నోటితో పలకరు, మామూలు మాటల్లో హషేం అంటారు. వాళ్ల ముందు మీరూ అలాగే అనండి. షబ్బాత్ శుక్రవారం సూర్యాస్తమయానికి ముందే మొదలై శనివారం చీకటి పడ్డాక ముగుస్తుంది. ఆ సమయంలో ఆచారం పాటించేవాళ్లు రాయరు, ఫోను ముట్టరు. మీ సందేహాలు గురువారమే పంపండి.

8. హఫ్తారా చూడండి

పరాషా తరువాత ప్రవక్తల గ్రంథాల నుంచి చదివే భాగం హఫ్తారా. లెఖ్ లెఖాకు అది యెషయా 40:27 నుంచి 41:16. అక్కడ 41:8లో అబ్రాహామును దేవుడు తన స్నేహితుడు అన్నాడు. ఈ రెండు భాగాలను ఎందుకు జత చేశారో ఒక వాక్యంలో రాస్తే చాలు, పది నిమిషాల పని.

వెనకబడితే

వెనకబడతారు. పరీక్షలు, పెళ్లిళ్లు, ఆఫీసు టెన్షన్ ఎవరికైనా ఉండేవే. షుల్ఖాన్ అరూఖ్ కూడా ఈ సంగతి ఆలోచించింది: షబ్బాత్ భోజనానికి ముందే ముగించడం మేలు, కాకపోతే ఆ మధ్యాహ్నం దాకా, కొందరి మాట ప్రకారం వచ్చే బుధవారం దాకా, ఇంకొందరి ప్రకారం సిమ్ఖత్ తోరా దాకా గడువు ఉంది. నా సలహా ఒక్కటే. పోయిన వారాన్ని తవ్వుకుంటూ కూర్చోకుండా ఈ వారంతో నడవండి. మిగిలినవి వచ్చే ఏడాది ఎలాగూ మళ్లీ వస్తాయి.

ఎక్కువమంది ఆగిపోయేది లేవీయకాండములో. బలులు, చర్మరోగాలు, శుద్ధి నియమాలు వరుసగా వస్తాయి, కథ దాదాపు ఉండదు. అక్కడ పరాషా మొత్తాన్ని వ్యాఖ్యానంతో చదవాలని పట్టుపట్టకండి. మూలం అంతా చదివి, వ్యాఖ్యానం మాత్రం ఒక్క వచనానికి పెట్టుకోండి. ఉదాహరణకు 19:2, "పరిశుద్ధులై యుండవలెను" అన్న మాట. దీని అర్థం నిషిద్ధ లైంగిక సంబంధాలకు దూరంగా ఉండటం అంటాడు రాషి, ముందరి అధ్యాయం వాటి గురించే కాబట్టి. రంబాన్ ఒప్పుకోడు. తోరా నిషేధించనిది ఏదైనా చేయవచ్చని తిండిలో, తాగుడులో, భార్యతో, మాటల్లో హద్దు లేకుండా పోయేవాడు ధర్మశాస్త్రం అనుమతి లోపలే ఉండి నీచుడు కావచ్చు, ఆ దారి మూయడానికే ఈ ఆజ్ఞ అంటాడు. ఈ ఒక్క పేరాను వారమంతా చదువుకున్నా వృథా కాదు.

ఏడాది తిరిగి సిమ్ఖత్ తోరా వచ్చినప్పుడు, ద్వితీయోపదేశకాండము చివరి భాగం ముగిసిన రోజే ఆదికాండము మొదలుపెడతారు. రెండో ఏడాది రాషిని అలాగే ఉంచి రంబాన్ స్థానంలో రష్బాంనో ఇబ్న్ ఎజ్రానో తెచ్చుకోండి. పాత నోటుబుక్కు దగ్గర పెట్టుకోండి, కానీ ఈ ఏడాది ప్రశ్నలు రాసుకున్నాకే తెరవండి. ఆదికాండము 1:1 మీద రాషి మొట్టమొదటి వ్యాఖ్య ఒక పాత గురువు అడిగిన ప్రశ్నతో మొదలవుతుంది: తోరా ఆజ్ఞల గ్రంథం అయితే, ఇశ్రాయేలుకు ఇచ్చిన మొదటి ఆజ్ఞ ఉన్న నిర్గమకాండము 12:2 దగ్గర మొదలుకావాలి గదా, సృష్టితో ఎందుకు మొదలైంది? రాషి ఇచ్చే జవాబు చూడకముందే మీ జవాబు మూడు నాలుగు వాక్యాల్లో రాసిపెట్టుకోండి.